క్రూయిజ్ మధ్యలో ఒడ్డుకు దిగేటప్పుడు: ఏ పత్రం జేబులో, ఏది సేఫ్‌లో?

ఓడ పోర్టుకు చేరిన ఉదయం క్యాబిన్‌లో మొదలయ్యే తర్జనభర్జన ఒకటే. పాస్‌పోర్టు పట్టుకెళ్దామా, ఇక్కడే పెట్టేద్దామా? ఇంటర్నెట్‌లో వెతికితే రెండు పక్షాలూ గట్టిగానే వాదిస్తాయి. "పాస్‌పోర్టు ఎట్టి పరిస్థితిలోనూ ఓడ దించకండి" అనేవాళ్ల మాట చదివేటప్పుడు మాత్రం ఒక సంగతి గమనించాలి. వాళ్లలో చాలామంది అమెరికా పౌరులు, అమెరికాలో ఎక్కి మళ్లీ అదే పోర్టులో దిగే కరీబియన్ క్రూయిజ్‌లకు వెళ్లొచ్చినవాళ్లు. అలాంటి ప్రయాణానికి వాళ్లకు 2009 జూన్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల్లోనే వెసులుబాటు ఉంది. బర్త్ సర్టిఫికెట్, ప్రభుత్వం ఇచ్చిన ఫోటో ఐడీ ఉంటే పాస్‌పోర్టు లేకుండానే వెళ్లి రావచ్చు. ఇంకో దేశపు పాస్‌పోర్టుతో, వీసాతో తిరిగేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ఆ సలహా కూడా వాళ్లకు ఉన్నదున్నట్టు వర్తించదు.

నా లెక్కలో అన్ని పోర్టులకూ సరిపోయే జవాబు లేదు. ఏ పోర్టుకు ఆ పోర్టు, ముందురోజు రాత్రే తేల్చుకోవాలి. తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు: రేపు సాయంత్రం ఓడ నన్ను వదిలేసి వెళ్లిపోతే, నన్ను ఇల్లు చేర్చే కాగితం ఎక్కడ ఉంటుంది?

ముందు, ఎవరు ఏం అడుగుతారో

ఓడ దిగే దారిలో తనిఖీ సాధారణంగా రెండు చోట్ల ఉంటుంది. మొదటిది గ్యాంగ్‌వే, అంటే ఓడ నుంచి రేవుకు దిగే వంతెన దగ్గర. ఓడవాళ్లు మీకిచ్చిన గుర్తింపు కార్డును, అంటే ఓడ కార్డును, స్కాన్ చేయగానే ఎక్కేరోజు తీసిన ఫోటో సెక్యూరిటీ మనిషి ముందున్న తెరపై కనబడుతుంది. ఆయన ఆ ఫోటోనూ మీ ముఖాన్నీ పోల్చి చూసి పంపేస్తాడు. ఓడలో ఎవరున్నారు, ఎవరు బయట ఉన్నారు అనే లెక్క మొత్తం ఈ స్కాన్ మీదే నడుస్తుంది. ఈ కార్డునే రాయల్ కరీబియన్ అనే క్రూయిజ్ కంపెనీలో సీపాస్ అంటారు, కార్నివాల్‌లో సెయిల్ అండ్ సైన్ అంటారు. ప్రిన్సెస్ ఓడల్లో కార్డు బదులు మెడాలియన్ అనే చిన్న బిళ్ల ఇస్తారు.

రెండోది పోర్టు గేటు. ఇక్కడ ఉండేవాళ్లు ఓడ సిబ్బంది కారు, ఆ దేశపు మనుషులు. 2004 జూలై 1 నుంచి అంతర్జాతీయ ఓడలకూ అవి ఆగే రేవులకూ ఐఎస్‌పీఎస్ కోడ్ అనే భద్రతా నియమావళి వర్తిస్తోంది. పోర్టు ఆవరణలోకి ఎవరెవరిని రానివ్వాలో చూసుకునే బాధ్యత ఆ రేవుదే. గేటు మనిషి దగ్గర మీ ఫోటో చూపే తెర ఉండదు. మీ కార్డు మీద పేరు, ఓడ పేరు కనిపిస్తాయి గానీ ముఖం కనిపించదు. అందుకే "కార్డుతో పాటు ఫోటో ఐడీ" అనే మాట ఓడలో అంత తరచుగా వినబడుతుంది. ఆ ఐడీ అక్కరకొచ్చేది ఎక్కువగా తిరుగు ప్రయాణంలోనే. బయటికెళ్లేటప్పుడు ఎవరూ ఏమీ అడగలేదని ధీమాగా ఉండకండి.

మరి ఇమ్మిగ్రేషన్ సంగతి? ఓడ రేవు చేరకముందే ప్రయాణికుల జాబితా, పాస్‌పోర్టు వివరాలతో సహా ఆ దేశపు అధికారులకు వెళ్తుంది. వాళ్లు జాబితా చూసి ఓడకు అనుమతి ఇచ్చాకే "ఇక దిగవచ్చు" అన్న ప్రకటన వస్తుంది. చాలా పోర్టుల్లో మనల్ని ఎవరూ పాస్‌పోర్టు అడగకపోవడానికి కారణం ఇదే. మన తరఫున ఆ పని ఓడే ముగించేసింది. కొన్ని దేశాలకు ఇది చాలదు. ప్రయాణికుడు పాస్‌పోర్టుతో స్వయంగా అధికారి ముందు నిలబడాలి. అలాంటిచోట డెక్కులవారీగానో, గ్రూపులవారీగానో పిలుస్తారు. ఒడ్డుకు దిగే ఆలోచన లేనివాళ్లు కూడా వెళ్లాల్సి రావచ్చు. ఆ పిలుపును పట్టించుకోకుండా పడుకుంటే మొత్తం ఓడ మీకోసం ఆగుతుంది. స్పీకర్లలో మీ పేరు కూడా మోగుతుంది.

అడుగు 1: బయల్దేరకముందే చేయాల్సినవి

పాస్‌పోర్టు కాక ఇంకో ఫోటో ఐడీ ఒకటి సిద్ధం చేసుకోండి. ప్రభుత్వం ఇచ్చినదై ఉండాలి, గడువు తీరిపోకూడదు, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో లేకపోతే పరాయి దేశపు గేటు దగ్గర అది ఉత్త ప్లాస్టిక్ ముక్కే. డ్రైవింగ్ లైసెన్స్ చాలాచోట్ల పనికొస్తుంది. ఫోన్‌లో యాప్ రూపంలో ఉండే ఐడీని నమ్ముకోవద్దు. మీ దేశం దాటితే దాన్ని గుర్తించాల్సిన అవసరం ఎవరికీ లేదు.

పాస్‌పోర్టు ఫోటో ఉన్న పేజీకి, వీసా పేజీలకు కలర్ జిరాక్స్‌లు తీయించండి. ఒక సెట్టు ఒడ్డుకు తీసుకెళ్లడానికి, ఇంకొకటి క్యాబిన్ సామానులో ఉంచడానికి. అవే పేజీల ఫోటోలు ఫోన్‌లో నెట్ లేకపోయినా తెరుచుకునేలా దాచుకోండి. క్లౌడ్‌లో పెట్టి ఊరుకుంటే, పరాయి రేవులో సిగ్నల్ లేనప్పుడు అవి ఉండీ లేనట్టే. ఇంట్లో నమ్మకస్తులు ఒకరికి కూడా పంపి ఉంచండి.

ఇప్పుడు ప్రయాణ మార్గాన్ని వీసా కంటితో మరోసారి చూడండి. గ్రీసులో ఎక్కి, తుర్కియేలోని కుషాదసీలో ఆగి, మళ్లీ గ్రీకు ద్వీపానికి వచ్చే క్రూయిజ్ అనుకుందాం. షెంగెన్ ప్రాంతం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల సమూహం, దాటి వెళ్లి తిరిగి అడుగుపెడుతున్నట్టే లెక్క. వీసా కావాల్సిన పాస్‌పోర్టు మీదైతే ఒక్కసారి ప్రవేశానికే చెల్లే వీసా దీనికి సరిపోదు. మధ్యలో ఓడ దిగకపోయినా ఈ చిక్కు తప్పదు. వీసా సరిగ్గా లేనివాళ్లను ఎక్కేరోజే ఆపేస్తారు, మధ్యలో ఎక్కడో కాదు.

బుక్ చేసుకున్న టూర్లలో దేశం సరిహద్దు దాటేవి ఉన్నాయేమో చూడటం చాలామందికి తట్టదు. అలాస్కాలోని స్కాగ్‌వే దీనికి మంచి ఉదాహరణ. అక్కడి వైట్ పాస్ రైలు కొండపైదాకా వెళ్లి వెనక్కి తిరిగొచ్చే ప్రయాణానికి పాస్‌పోర్టు అడగరు. అదే పట్టాల మీద ఇంకాస్త ముందుకు, కెనడాలోని ఫ్రేజర్ దాకా వెళ్లే టూరుకు మాత్రం పాస్‌పోర్టు తప్పనిసరి. చాలా దేశాలవాళ్లకు కెనడా వీసా కూడా కావాలి, తిరిగి అమెరికాలోకి రావడానికి చెల్లే వీసా కావాలి. క్రొయేషియాలోని డుబ్రావ్నిక్‌లో దిగి మోస్తార్ పాత వంతెన చూడ్డానికి వెళ్లే టూరు కూడా ఇలాంటిదే. అది బోస్నియాలో ఉంది. అలాగే ఒక పోర్టులో దిగి ఒకట్రెండు రోజులు భూమార్గంలో తిరిగి తర్వాతి పోర్టులో ఓడను అందుకునే టూర్లకు పాస్‌పోర్టు వెంట ఉండి తీరాలి.

అడుగు 2: ఓడ ఎక్కిన రోజు

కొన్ని మార్గాల్లో పాస్‌పోర్టులు ఓడవాళ్లే తీసేసుకుంటారు. వరసగా వచ్చే దేశాల అధికారులకు ఒకేసారి చూపించే సౌలభ్యం కోసం. ఇందులో కంగారు పడాల్సింది లేదు, మామూలు పద్ధతే. రసీదు మాత్రం అడిగి తీసుకోండి. ఎప్పుడు తిరిగిస్తారో కనుక్కోండి. ఫలానా పోర్టులో సరిహద్దు దాటే టూరు ఉందని, ఆ రోజుకు పాస్‌పోర్టు కావాలని ఇప్పుడే చెప్పి ఉంచండి. దిగే రోజు ఉదయం క్యూలో నిలబడి అడిగితే దొరకొచ్చు, దొరక్కపోవచ్చు.

పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంటే దాని చోటు క్యాబిన్ సేఫ్. సూట్‌కేస్ అడుగు అర కాదు, పరుపు కింద కాదు. దీనికి దొంగల భయం ఒక్కటే కారణం కాదు. రెండో కారణం చివర్లో చెబుతాను, ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా పనికొచ్చేది అదే.

అడుగు 3: ముందురోజు రాత్రి

ప్రతి సాయంత్రం క్యాబిన్‌కు వచ్చే మర్నాటి కార్యక్రమ పత్రాన్ని, లేదా ఓడ యాప్‌లోని అదే పేజీని చివరిదాకా చదవండి. షోల వివరాల మధ్య చిన్న అక్షరాల్లో మనకు కావలసినవి ఉంటాయి: ఒడ్డుకు వెళ్లేవాళ్లు ఏ పత్రాలు పట్టుకెళ్లాలి, ఎన్ని గంటలకు అందరూ తిరిగి ఎక్కాలి, ఓడ గడియారం స్థానిక సమయంతో కలుస్తోందా, ఆ పోర్టులో ఓడ ఏజెంటు (ఒడ్డున ఓడ తరఫున పనులు చూసే స్థానిక ప్రతినిధి) ఎవరు, ఫోన్ నంబరు ఎంత. ఏజెంటు వివరాలున్న భాగాన్ని ఫోటో తీసుకోండి, నంబరు ఒక చీటీ మీద కూడా రాసుకోండి. ఫోన్ పోయినప్పుడే కదా ఆ నంబరుతో పని పడేది.

అందులో స్పష్టంగా లేకపోతే ఓడలో ప్రయాణికుల సహాయ కౌంటరైన గెస్ట్ సర్వీసెస్‌కు వెళ్లి ఇలా అడగండి: "నాది ఫలానా దేశపు పాస్‌పోర్టు. రేపు ఒడ్డున ఒరిజినల్ దగ్గర ఉండాలా, జిరాక్స్ సరిపోతుందా?" దేశం పేరు చెప్పకుండా అడిగితే వచ్చేది అందరికీ చెప్పే జవాబే.

అడుగు 4: తీసుకెళ్లాలా, వదిలేయాలా

కొన్నిచోట్ల తేల్చుకునే పనే లేదు, చట్టమే తేల్చేసింది. చైనాలో 16 ఏళ్లు నిండిన విదేశీయులు పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలి. జపాన్‌లోనూ అంతే. అయితే అక్కడ క్రూయిజ్ ప్రయాణికులకు ఓడ దగ్గరే ల్యాండింగ్ పర్మిట్ ఇచ్చే పద్ధతి ఒకటి 2015 నుంచి ఉంది. అది ఇచ్చినచోట ఆ పర్మిట్టే వెంట ఉండాల్సిన పత్రం. దాన్ని మడిచి ఎక్కడో పడేయకండి, ఓడ ఎక్కేదాకా భద్రంగా ఉండాలి.

రెండో కొసన క్రూయిజ్ కంపెనీల సొంత బీచ్‌లు ఉన్నాయి. బహామాస్‌లో రాయల్ కరీబియన్ నడిపే కోకోకే లాంటి చోట మీ చుట్టూ ఉండేది మీ ఓడవాళ్లే. సాధారణంగా ఓడ కార్డు ఒక్కటి చాలు. తడి ఇసుకలో తువ్వాలు మీద పాస్‌పోర్టు పెట్టి నీళ్లలోకి దిగడంలో అర్థం లేదు.

కష్టమంతా ఈ రెంటికీ మధ్య ఉన్న పోర్టులతోనే. పాస్‌పోర్టు తీసుకెళ్తే జేబుదొంగల భయం, తడిసే భయం. తీసుకెళ్లకపోతే ఓడ తప్పిపోయినప్పుడు, లేదా ఒడ్డున ఆసుపత్రిలో చేరాల్సి వస్తే, చేతిలో ఏ ఆధారమూ ఉండదు. నేనైతే మొదట దూరం చూస్తాను. ఓడ కనుచూపు మేరలో ఉండేలా రేవు చుట్టుపక్కలే తిరిగేటట్టయితే ఒరిజినల్ సేఫ్‌లోనే. గంటకు పైగా ప్రయాణం చేసి లోపలికి వెళ్తుంటే, అదీ సొంత ఏర్పాటు మీద వెళ్తుంటే, ఒరిజినల్ నాతోనే. ఓడ కంపెనీ నడిపే టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా మిమ్మల్ని తర్వాతి పోర్టుకు చేర్చే బాధ్యత వాళ్లు తీసుకుంటారు. సొంతంగా మాట్లాడుకున్న కారు దారిలో చెడిపోతే ఆ పూచీ ఎవరిదీ కాదు.

తర్వాత చూసేది రాకపోకల తీరు. సాంతోరినీలో లాగా ఓడ సముద్రంలోనే ఆగి, చిన్న టెండర్ బోట్లలో ఒడ్డుకు చేర్చే పోర్టులు కొన్ని ఉన్నాయి. అక్కడ గాలి లేస్తే, క్యూ పెరిగితే తిరుగు ప్రయాణం మన చేతిలో ఉండదు. అలాంటిచోట చూపు మేర సూత్రం పనిచేయదు, ఓడ ఎదురుగా కనబడుతూనే అందకుండా పోగలదు.

ఆ రోజు పనులు కూడా లెక్కలోకి వస్తాయి. కారు అద్దెకు తీసుకోవాలంటే లైసెన్స్ ఒరిజినల్ ఉండాలి. సిమ్ కార్డు కొనడానికి, డబ్బు మార్చుకోవడానికి, యూరప్‌లో పన్ను వాపసు కాగితం రాయించుకోవడానికి పాస్‌పోర్టు అడుగుతారు. మోంటే కార్లో కాసినోలో ఆడాలన్నా గుర్తింపు పత్రం చూపాల్సిందే.

అమెరికా పౌరులకు ఇచ్చే పాస్‌పోర్ట్ కార్డు గురించి ఒక మాట. ఓడ మీద, భూమార్గంలో కెనడా, మెక్సికో, కరీబియన్, బెర్ముడాల నుంచి తిరిగి రావడానికి అది చెల్లుతుంది. అంతర్జాతీయ విమానం ఎక్కడానికి చెల్లదు. ఓడ తప్పిపోయినవాళ్లకు కావాల్సింది సరిగ్గా ఆ విమానమే.

అడుగు 5: ఎలా పట్టుకెళ్లాలి

అన్నీ ఒకేచోట పెట్టకపోవడమే ఇందులో ముఖ్యం. ఓడ కార్డు ముందు జేబులో, ఎందుకంటే రోజులో దాన్ని పలుసార్లు తీయాలి. ఫోటో ఐడీ వేరే జేబులో. పాస్‌పోర్టు ఉంటే బట్టల లోపల కట్టుకునే పలుచటి పర్సులో, చెమటకు తడవకుండా ప్లాస్టిక్ కవర్లో. జిరాక్స్ సెట్టు బ్యాగులో. బ్యాగు పోతే పాస్‌పోర్టు మిగులుతుంది, పర్సు పోతే జిరాక్స్ మిగులుతుంది.

ఓడ కార్డును తాడుకు కట్టి మెడలో వేసుకోవడం ఓడలో సుఖమే. ఒడ్డున మాత్రం అది తీసి జేబులో వేయండి. "ఇవాళ వచ్చి ఇవాళే పోయే కొత్తవాణ్ణి" అని బజారంతా చాటుకోవాల్సిన పని లేదు.

కుటుంబంతో వెళ్లేటప్పుడు అందరి పత్రాలూ ఒకే పెద్ద మనిషి చేతిసంచిలో పెట్టే అలవాటు చాలామందికి ఉంది. ఆ సంచి పోతే నలుగురూ ఒకేసారి చిక్కుకుపోతారు. ఎవరివి వాళ్ల దగ్గర ఉండటమే మేలు. పిల్లల కార్డులు, జిరాక్స్‌లు వాళ్లతో నడిచే పెద్దవాళ్ల దగ్గర ఉండాలి. అమ్మ ఒక టూరుకు, నాన్న ఇంకో టూరుకు వెళ్తుంటే పిల్లవాడు ఎవరి వెంట ఉంటే వాడి పత్రాలు కూడా అటే. తల్లిదండ్రుల్లో ఒకరే పిల్లలతో ప్రయాణిస్తుంటే రెండోవారి సమ్మతి పత్రం కూడా దగ్గర ఉంచుకోవాలి.

అడుగు 6: ఒడ్డున ఎవరైనా అడిగితే

పోలీసు అడిగితే ముందు జిరాక్స్, ఫోటో ఐడీ చూపండి. చాలాచోట్ల అంతటితో సరిపోతుంది. ఒరిజినలే కావాలంటే, ఓడలో ఉందని, ఓడ పేరు ఇదని మర్యాదగా చెప్పండి. ఓడ కార్డు మీద ఓడ పేరు ఉంటుంది కాబట్టి మీ మాటకు ఆధారం దొరుకుతుంది.

దుకాణాలతో మాత్రం ఇంత మెత్తగా ఉండనక్కర్లేదు. స్కూటర్లు అద్దెకిచ్చేచోట "పాస్‌పోర్టు ఇక్కడ పెట్టి వెళ్లండి, తిరిగొచ్చాక ఇస్తాం" అంటారు. పెట్టకండి. సాయంత్రం బండి మీద ఉన్న పాత గీతను మీ ఖాతాలో వేసి డబ్బు అడిగితే, పాస్‌పోర్టు వాళ్ల డ్రాయర్లో ఉంటుంది, ఓడ బయల్దేరే వేళ దగ్గరపడుతుంటుంది. బేరమాడే బలం ఎవరిదో చెప్పక్కర్లేదు. నగదు డిపాజిట్ ఇస్తామనండి, జిరాక్స్ ఇవ్వండి, ఒప్పుకోకపోతే పక్క దుకాణానికి నడవండి. మ్యూజియంలో ఆడియో గైడు కోసం పూచీ అడిగినా పాస్‌పోర్టు బదులు ఇంకేదైనా ఇవ్వండి.

పోగొట్టుకుంటే

ఓడ కార్డు పోవడం చిన్న విషయం. దాని మీద సాధారణంగా క్యాబిన్ నంబరు ముద్రించరు కాబట్టి దొరికినవాడికి మీ గది తెలియదు. గ్యాంగ్‌వే దగ్గర ఫోటో ఐడీ చూపి చెబితే జాబితాలో సరిచూసి ఎక్కించుకుంటారు, పాత కార్డు ఆపేసి కొత్తది ఇస్తారు. కానీ గ్యాంగ్‌వే దాకా రావాలంటే పోర్టు గేటు దాటాలి, అక్కడ మిమ్మల్ని కాపాడేది ఆ ఫోటో ఐడీయే.

పాస్‌పోర్టు పోతే సమయం చూసుకుని కదలాలి. వీలుంటే స్థానిక పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాయించి కాపీ తీసుకోండి. ఓడ ఏజెంటుకు, ఓడలోని గెస్ట్ సర్వీసెస్‌కు చెప్పండి. మీ దేశ రాయబార కార్యాలయం దగ్గర్లో ఉంటే అత్యవసర ప్రయాణ పత్రం ఇవ్వగలదు. అయితే అలాంటి పత్రం కొన్ని దేశాల విషయంలో ఇంటికి తిరిగి వెళ్లడానికే పనికొస్తుంది. పోయిన పాస్‌పోర్టులోని వీసాలు దాంతోనే పోయాయి. కాబట్టి క్రూయిజ్ కొనసాగించగలరా, ఇక్కణ్ణుంచే ఇంటికి వెళ్లాలా అన్నది ఓడ అధికారులతో తేల్చుకోవాలి. జిరాక్స్, పోలీసు కాపీ చేతిలో ఉంటే ఆ మాట త్వరగా తేలుతుంది.

ఓడ వెళ్లిపోతే

అందరూ ఎక్కాల్సిన వేళ సాధారణంగా ఓడ కదిలే సమయానికి అరగంట నుంచి గంట ముందు ఉంటుంది. ఆ వేళ దాటాక ఎవరి కార్డు లోపలికి స్కాన్ కాలేదో ఓడకు తెలిసిపోతుంది. ఇక్కడే సేఫ్ సంగతి. చాలా కంపెనీల్లో ఒక ఆనవాయితీ ఉంది. రానివాళ్ల క్యాబిన్‌కు సిబ్బంది వెళ్లి, సేఫ్ తెరిచి, పాస్‌పోర్టులు దొరికితే వాటిని ఒడ్డున ఉన్న ఏజెంటుకు అప్పగించి వెళ్తారు. ఇది హామీ ఏమీ కాదు, సమయం ఉంటేనే చేస్తారు. కానీ సేఫ్‌లో ఉంటేనే వాళ్లకు దొరుకుతుంది. సూట్‌కేస్ అరలో చొక్కాల మధ్య దాచిన పాస్‌పోర్టు మీకు అందకుండా తర్వాతి దేశానికి వెళ్లిపోతుంది.

ఆలస్యం తప్పదని తెలిసిన నిమిషమే ఏజెంటుకు ఫోన్ చేయండి, ఓడ కదిలాక కాదు. ముందే తెలిస్తే పాస్‌పోర్టు దించి ఉంచే అవకాశం పెరుగుతుంది. రేవుకు చేరగానే ఏజెంటు ఆఫీసుకే వెళ్లండి. తర్వాతి పోర్టుకు వెళ్లి ఓడను అందుకోవచ్చా అన్నది మీరు విమానం టికెట్ కొనకముందే కనుక్కోవాలి. ఓడలో వెళ్లేవాళ్లకు వీసా అడగని దేశం విమానంలో దిగేవాళ్లను అడగవచ్చు, ఓడ కూడా ఆ పోర్టులో ఎక్కించుకోవడానికి ఒప్పుకోవాలి. ఈ ఖర్చంతా సొంత ఏర్పాటు మీద వెళ్లినవాళ్లదే. ఇన్సూరెన్స్ ఉంటే ఆలస్యానికి కారణం చూపే కాగితం, అంటే బస్సు కంపెనీ రాసిచ్చినదో పోలీసు ఇచ్చినదో, ఆ ఊళ్లో ఉండగానే తీసుకోండి.